సాక్సు ఉతికితే చాలదు, ఆరాలి

జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. నైరుతి రుతుపవనాలు మన దగ్గరికి చేరేదీ దాదాపు అప్పుడే. అక్కణ్ణుంచి సెప్టెంబరు దాకా పిల్లల కాళ్లకు గడ్డుకాలం. సాయంత్రం నాలుగున్నరకు బడి నుంచి వచ్చిన పిల్లాడి సాక్సు లాగి పాదం చూడండి. అరికాలు తెల్లగా నాని ముడతలు పడి ఉంటుంది. చీలమండ మీద ఎలాస్టిక్ గాడి ఎర్రగా కనిపిస్తుంది. చిటికెన వేలినీ పక్క వేలినీ విడదీస్తే ఆ సందులో చర్మం ఉడికించిన గుడ్డు తెల్లసొనలా మెత్తబడి, గోటితో తాకితే ఊడొచ్చేలా ఉంటుంది. వాసన సంగతి సరే సరి.

ఇంట్లో వెంటనే వచ్చే మాట "ముందు కాళ్లు కడుక్కోరా". కడుక్కోవాలి, కాదనను. కానీ మన ఇళ్లలో పాదాల శుభ్రత అంటే సబ్బూ నీళ్లూ అనే అర్థం ఒక్కటే స్థిరపడిపోయింది. కాళ్లను చెడగొట్టేది మురికి కంటే ఎక్కువగా తడి. రోజుకు మూడుసార్లు కాళ్లు కడిగి, ఆ తడి వేళ్లతోనే సాక్సు ఎక్కించేవాళ్లకు వచ్చినన్ని పుండ్లు, మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగి రాత్రికి కాళ్లు ఆరబెట్టుకునేవాళ్లకు రావు. కాబట్టి కాళ్లు ఎంత శుభ్రంగా కడిగామన్నది ఎంత ముఖ్యమో, రోజుకు ఎన్ని గంటలు పొడిగా ఉంచామన్నదీ అంతే ముఖ్యం. సాక్సు కొనడం, ఉతకడం, ఆరేయడం, చివరికి బడి నిబంధనలు రాయడం, అన్నీ ఈ లెక్క మీదే నడవాలని నా వాదన.

వాసన ఎలా పుడుతుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. అరికాళ్లలో చెమట గ్రంథులు ఒంట్లో మరెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి. అక్కడ పట్టే చెమట దాదాపు నీరే, కొంచెం ఉప్పు, కొంచెం అమైనో ఆమ్లాలు. అప్పుడే పట్టిన చెమటకు వాసన ఉండదు. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫిలోకోకస్ బాక్టీరియా ఆ చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి ఐసోవాలెరిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ముక్కుపుటాలు అదిరిపోయే ఆ పులిసిన కంపు దానిదే. నానిన చర్మం పొట్టును తినే బ్రెవిబాక్టీరియం ఇంకో రకం గంధకపు వాసన వదులుతుంది, కొన్ని విదేశీ జున్నులకు వాసన తెచ్చేది కూడా ఇదే జాతి. ఈ సూక్ష్మజీవులను సబ్బుతో పూర్తిగా తుడిచిపెట్టలేం, గంటల్లో మళ్లీ పెరుగుతాయి. వాటికి నీరు అందకుండా చేయడమే మన చేతిలో ఉన్న పని. బూటులోకి సెంటు కొట్టడం వల్ల రెండు వాసనలు కలిసి మూడోది పుడుతుందే తప్ప ఇంకేమీ జరగదు.

దుకాణంలో ఏం చూడాలి

సాక్సు కొనేటప్పుడు మనం రంగూ ధరా చూస్తాం. చూడాల్సింది లోపల అంటించిన చీటీ మీద ఏ పోగు ఎంత శాతం ఉందన్నది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు, 100 గ్రాముల పొడి కాటన్ దాదాపు 8.5 గ్రాముల నీటిని తనలోకి తీసుకుంటుంది. నైలాన్ 4 గ్రాములు, పాలిస్టర్ 0.4 గ్రాము, ఉన్ని 16 గ్రాములు. బడి యూనిఫాంతో పాటు అంటగట్టే నున్నటి, పలచటి సాక్సులు ఎక్కువగా నైలాన్ లేదా పాలిస్టర్. అవి చెమటను పీల్చుకోవు. చెమట చర్మానికీ గుడ్డకీ మధ్యే నిలిచిపోతుంది. పాలిస్టర్‌కు ఇంకో గుణం ఉంది. చర్మపు నూనెను గట్టిగా పట్టుకుంటుంది, ఉతుకుకు సరిగా వదలదు. అందుకే పాలిస్టర్ సాక్సు ఉతికి ఆరేశాక కూడా, వేసుకున్న గంటకే పాత వాసన తిరిగొస్తుంది.

అలాగని నూరు శాతం కాటన్ కూడా సరికాదు. పీల్చుకుంటుంది గానీ వదలదు. ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా తడే, పైగా సాగిపోయి మడమ కింద మడత పడుతుంది. ఆ మడత దగ్గరే బొబ్బ లేస్తుంది. మన ఎండకూ ఉక్కకూ సరిపడేది కాటన్ 75 నుంచి 80 శాతం, మిగతాది నైలాన్, 2 నుంచి 5 శాతం స్పాండెక్స్ ఉన్న నేత. నైలాన్ బలాన్నిస్తుంది, స్పాండెక్స్ కాలికి అంటిపెట్టుకునేలా చేస్తుంది. కర్మాగారాల్లో రోజంతా సేఫ్టీ బూట్లలో నిలబడేవాళ్లకు, గంటల తరబడి నడిచేవాళ్లకు పలచటి మెరినో ఉన్ని కలిసిన సాక్సు ఇంకా మంచిది. ఉన్ని అనగానే వేడి అనుకుంటాం గానీ, పలచటి ఉన్ని తడిని తన పోగులోపల దాచుకుని చర్మానికి తాకనివ్వదు, వాసనా తక్కువ పడుతుంది. ధర ఎక్కువ, అది నిజమే. 'బ్యాంబూ' అని అమ్మేది వెదురు నార కాదు, వెదురు గుజ్జుతో రసాయనికంగా చేసిన విస్కోస్. మెత్తగా ఉంటుంది, నీళ్లు బాగా పీలుస్తుంది, ఆరడానికి కాటన్‌కు మించి సమయం తీసుకుంటుంది. వానాకాలానికి పనికిరాదు. వెండి పూత ఉందని ఎక్కువ ధర చెప్పేవాటిలో ఆ వెండి ఉతుకు ఉతుక్కీ నీళ్లలో పోతుంటుంది.

సాక్సును తిరగేసి వేళ్ల దగ్గర కుట్టు మీద బొటనవేలితో రుద్ది చూడండి. గట్టిగా తాడులా తగిలితే, బూటు లోపల అది రోజంతా చిటికెన వేలిని ఒరుస్తుంది. చదునుగా ఉన్న కుట్టు కావాలి. మడమ కోసం అల్లిన సంచి సరిగ్గా మడమ మీదే కూర్చోవాలి. అది చీలమండ వైపు పైకి జరిగితే సైజు పెద్దది, అరికాలి కిందికి దిగితే చిన్నది. చిన్న సాక్సు వేళ్లను ముందు నుంచి వెనక్కి నొక్కుతుంది. బిగుతు బూటు ఎంత చెరుపు చేస్తుందో ఇదీ అంతే, బొటనవేలి గోరు చర్మంలోకి దిగబడటానికి ఇదో కారణం. పిల్లల పాదం పెరుగుతుంటుంది కాబట్టి బూటు సైజు మారిన ప్రతిసారీ సాక్సు సైజు కూడా మార్చాలి. బూట్లు కొత్తవి కొని పాత సాక్సులతోనే ఏడాది లాగించే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఉతుకు

విప్పిన సాక్సును ఉండచుట్టి బూటులో కుక్కడం మొదటి తప్పు. అక్కడ అది పొద్దున దాకా తడిగానే ఉంటుంది, బూటునూ ఆరనివ్వదు. విప్పగానే తిరగేయాలి. చర్మం పొట్టు, చెమట, బాక్టీరియా అన్నీ లోపలివైపే ఉంటాయి, తిరగేయకుండా ఉతికితే శుభ్రపడేది బయటి దుమ్ము మాత్రమే. ఆ రోజు ఉతకలేకపోతే కనీసం విడివిడిగా దండెం మీద వేసి ఆరనివ్వండి. తడి సాక్సును మాసినబట్టల బుట్టలో మిగతావాటితో కుప్ప వేస్తే, దాన్ని వేసుకున్నవాళ్ల కాళ్లకు తామర ఉంటే ఆ శిలీంధ్రం పక్క బట్టలకూ అంటుతుంది.

రోజువారీ ఉతుక్కి ఇది చాలు. 4 నుంచి 5 లీటర్ల నీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి సాక్సులు అరగంట నానబెట్టండి. వాసనకు కారణం ఆమ్లమని చెప్పుకున్నాం కదా, సోడా దాన్ని ఉప్పుగా మార్చేస్తుంది. ఉప్పు ఆవిరి కాదు, అందువల్ల వాసన రాదు, నీళ్లతో పోతుంది. వెనిగర్ వేయమని చాలాచోట్ల చెబుతారు. వెనిగర్ కూడా ఆమ్లమే, ఇంకో ఆమ్లాన్ని విరగ్గొట్టలేదు. రెండూ కలిపితే బుసబుస పొంగి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, సాక్సుకు దక్కేది శూన్యం. ఉన్ని సాక్సుకు మాత్రం సోడా వద్దు, పోగు దెబ్బతింటుంది. తర్వాత మామూలు సబ్బుపొడితో, మడమా వేళ్లూ ఉండే చోట రుద్ది ఉతికి, రెండుసార్లు జాడించండి. నురగ పోలేదంటే పొడి ఎక్కువేశారని. మిగిలిపోయిన సబ్బు గుడ్డలో జిగటగా పట్టుకుని మురికిని ఆకర్షిస్తుంది, పలచటి చర్మాన్ని మండిస్తుంది. మెత్తదనం కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ సాక్సుకు వద్దే వద్దు. అది పోగు చుట్టూ పూతలా పరుచుకుని, చెమట పీల్చే గుణాన్నే పోగొడుతుంది. బ్లీచింగ్ ఎలాస్టిక్‌ను తినేస్తుంది.

ఇంట్లో ఎవరికైనా వేళ్ల సందుల్లో తామర ఉంటే ఈ ఉతుకు చాలదు. ఆ శిలీంధ్రం, ఎక్కువగా ట్రైకోఫైటాన్ రూబ్రమ్, చల్లటి నీళ్లకూ 40 డిగ్రీల నీళ్లకూ బతికి బయటపడుతుంది. 60 డిగ్రీల వేడిలో ముప్పావుగంట ఉంచితే చస్తుంది. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్లలో 60 డిగ్రీల ఏర్పాటు ఉంటుంది. పైనుంచి బట్టలు వేసే మెషీన్లు మన ఇళ్లలో ఎక్కువ, చాలావాటిలో నీళ్లు వేడెక్కవు. అలాంటప్పుడు ఇనుప బకెట్టో స్టీలు గిన్నో తీసుకుని, మామూలు నీళ్లు ఎన్ని పోస్తే అన్ని మరిగే నీళ్లు కలపండి. 60 నుంచి 65 డిగ్రీల దాకా వస్తుంది. సబ్బుపొడి వేసి, సాక్సులు ముంచి, మూతపెట్టి 45 నిమిషాలు వదిలేయండి. మధ్యలో రెండుమూడుసార్లు ఒక్కో చెంబు మరిగే నీళ్లు పోస్తే వేడి నిలుస్తుంది. పిల్లలు దగ్గరికి రాకుండా చూసుకోండి. రోజూ ఇలా చేస్తే ఎలాస్టిక్ సాగిపోతుంది, మందు రాసుకుంటున్న వారాల్లో చేస్తే చాలు. ఫ్రిజ్ గడ్డల అరలో పెడితే తామర చస్తుందన్నది అబద్ధం, చలికి అది నిద్రపోతుందంతే.

ఇక అసలు సంగతి, ఆరడం. ఎండాకాలంలో దీని గురించి ఎవరూ ఆలోచించనక్కర్లేదు. తిరగేసి రెండుమూడు రోజులు వరసగా ఎండలో వేస్తే తామర శిలీంధ్రం కూడా చాలావరకు నశిస్తుంది, అంతకు మించిన మందు లేదు. ఇబ్బంది అంతా జూలై, ఆగస్టుల్లోనే. చేత్తో పిండి దండెం మీద పడేస్తే, ముసురు పట్టిన రోజు సాక్సు మరునాటికి కూడా ఆరదు. పిండిన తర్వాత పొడి తువ్వాలు పరిచి, దాని మీద సాక్సులు వరసగా పెట్టి, చాపలా చుట్టి, మోకాలితో గట్టిగా నొక్కండి. చేతులతో ఎంత పిండినా పోని నీళ్లు తువ్వాల్లోకి వస్తాయి. మెషీన్ ఉంటే సాక్సులను వలసంచిలో వేసి స్పిన్ రెండుసార్లు తిప్పండి. తర్వాత వేళ్ల వైపు క్లిప్పు పెట్టి వేలాడదీయాలి, ఎలాస్టిక్ వైపు పెడితే అది సాగుతుంది. సాక్సుకూ సాక్సుకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, కింద ఫ్యాను పెడితే రాత్రికి రాత్రి చాలావరకు ఆరతాయి. తలుపులు మూసిన గదిలో ఫ్యాను తిప్పితే ఆ తేమ అక్కడే తిరుగుతుంది, కిటికీ తెరవండి.

ఆరిందో లేదో చేత్తో చూస్తే తెలియదు. కాలు భాగం పలచగా ఉంటుంది కాబట్టి ముందే ఆరిపోయి మనల్ని మోసం చేస్తుంది. మడమ సంచీనీ వేళ్ల కుట్టునూ వేళ్లతో నొక్కిపట్టి చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ కాస్త చెమ్మకు ఇస్త్రీపెట్టె పనికొస్తుంది, కానీ నైలాన్, స్పాండెక్స్ కరిగిపోతాయి గనక అతి తక్కువ వేడి మీద, తిరగేసి, పైన పలచటి గుడ్డ వేసి తోయాలి. చెమ్మగా ఉన్న సాక్సును 'కాలి వేడికి ఆరుతుందిలే' అని తొడిగి పంపడం పిల్లలకు మనం చేసే అన్యాయాల్లో ఒకటి. మూసిన బూటులో అది ఆరదు.

బూటుది కూడా ఇదే కథ. ఒక రోజు వేసుకున్న బూటు లోపల పూర్తిగా ఆరడానికి 24 గంటలు, వానలో తడిస్తే 48 గంటలు పడుతుంది. రెండు జతలు మార్చి మార్చి వేసుకోగలిగినవాళ్లు అలాగే చేయాలి. ఒక్క జతే ఉంటే, ఇంటికి రాగానే నాడాలు పూర్తిగా వదులు చేసి నాలుక బయటికి లాగండి, లోపలి అట్ట ఊడొచ్చేదైతే తీసి విడిగా ఆరబెట్టండి, పాత దినపత్రిక నలిపి ముక్కు దాకా కుక్కండి. గంటకు ఆ కాగితం తడిసిపోతుంది, మార్చాలి. కాగితం తడి తగిలినంతసేపూ రెండేసి గంటలకు ఒకసారి మారుస్తూ ఉండండి. పొయ్యి పక్కన, హీటరు ముందు పెడితే అడుగు అంటించిన జిగురు విడిపోతుంది, తోలు పగులుతుంది. ఫ్యాను గాలి చాలు. వారానికోరోజు వేసే తెల్ల కాన్వాసు బూట్లను వేసుకున్న సాయంత్రమే ఉతికేయండి. ముందురోజు రాత్రి ఉతికితే తడివే వేసుకెళ్లాలి.

పాదం దగ్గర చేయాల్సింది కొంచెమే, కానీ రోజూ చేయాలి. స్నానంలో నీళ్లు కాళ్ల మీదుగా పోతాయి కదా అని ఊరుకుంటే వేళ్ల సందుల్లోకి సబ్బు పోదు. వేలు పెట్టి రుద్దాలి. తుడిచేటప్పుడు సందు సందునా గుడ్డ దూర్చి తుడవాలి, ఆ గుడ్డ ఒంటి తువ్వాలు కాకూడదు. సాక్సు వేసుకునే ముందు ఐదు నిమిషాలు ఆగండి. మడమ పగుళ్లకు రాసే వాజిలీనో, కొబ్బరినూనో వేళ్ల మధ్య రాయకండి. పౌడరు చిటికెడు రుద్దితే ఫరవాలేదు, గుప్పెడు చల్లితే తడిసి ముద్దకట్టి సందుల్లోనే నిలిచి ఒరుస్తుంది. కాళ్లకు తామర ఉన్నవాళ్లు డ్రాయరు కంటే ముందు సాక్సు తొడుక్కోవాలి. లేకపోతే డ్రాయరు పాదాల మీదుగా ఎక్కేటప్పుడు శిలీంధ్రాన్ని గజ్జల్లోకి మోసుకుపోతుంది. గజ్జల్లో తామర ఎంతకీ తగ్గడం లేదని మందులు మార్చేవాళ్లలో చాలామందికి అసలు మూలం కాలివేళ్లలోనే ఉంటుంది.

ఏది ఏ జబ్బు

కాళ్ల మీద వచ్చే ప్రతిదాన్నీ 'చెమట పుండు' అనో 'అలర్జీ' అనో అనేస్తుంటాం. చూసి చాలావరకు పోల్చుకోవచ్చు. చిటికెన వేలి పక్క సందులో మొదలై, తెల్లగా నాని, పొలుసు ఊడుతూ, సాయంత్రం బూటు విప్పగానే దురద పుడితే అది తామర. అరికాలంతా మడమ చుట్టూ పొడిపొడిగా పొట్టు రాలుతూ, కాళ్లు రెండింటికీ ఉండి ఒక్క చేతికి మాత్రం అలాగే ఉంటే అదీ తామరే, కానీ చాలామంది దాన్ని పొడిచర్మం అనుకుని ఏళ్లపాటు క్రీములు రాస్తారు. అరికాలి మీద గుండుసూది గుచ్చినట్టు చిన్నచిన్న గుంటలు, భరించలేని వాసన, దురద అంతగా లేకపోవడం, ఇవి కలిస్తే అది బాక్టీరియా పని. దానికి తామర మందు ఎంత రాసినా పోదు, డాక్టరు రాసిచ్చే యాంటీబయాటిక్ పూత కావాలి, చెమట తగ్గాలి. పాదం పైభాగాన, చెప్పు పట్టీ ఆకారంలోనే రెండు కాళ్లకూ సమానంగా దద్దురు వస్తే, తోలు పదును చేయడానికి వాడే క్రోమియమో, రబ్బరులోని రసాయనమో కారణం. వేళ్ల సందు పచ్చగా మారి, నొప్పితో రసి కారుతుంటే ఇంటి వైద్యం ఆపి ఆ రోజే చూపించుకోవాలి.

తామరకు టెర్బినఫిన్ 1 శాతం క్రీము వేళ్ల సందులకు వారం నుంచి రెండు వారాలు, క్లోట్రిమజోల్ అయితే నాలుగు వారాలు. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, దురద పోయిన రోజున ఆపకూడదు. బాగా నాని రసి కారుతున్న సందులకు ముందు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు మేలు. ఆ రంగు లేత గులాబీ దాటకూడదు, స్ఫటికాలు పూర్తిగా కరిగించి గుడ్డలో వడకట్టాలి. కరగని స్ఫటికం చర్మాన్ని కాలుస్తుంది. పది పదిహేను నిమిషాలు పాదాలు ముంచి, ఆరబెట్టి, అప్పుడు క్రీము. రెండు వారాల్లో తేడా లేకపోతే ఇంకో ట్యూబు కొనకుండా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మన దేశంలో ఇప్పుడు టెర్బినఫిన్‌కు లొంగని తామర కూడా తిరుగుతోంది.

మెడికల్ షాపులో 'దురదకు ఏదైనా ఇవ్వండి' అనగానే చేతికొచ్చే ట్యూబుల విషయంలో నాకు నిజంగా కోపం ఉంది. మూడు నాలుగు మందులు కలిపిన ఆ క్రీముల్లో ఒకటి స్టెరాయిడ్. పేరు వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ అని ఉంటే అదే. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, ఎందుకంటే శరీరం చేసే పోరాటాన్ని స్టెరాయిడ్ ఆపేస్తుంది. శిలీంధ్రానికి అడ్డు ఉండదు. నెలకల్లా మచ్చ పాదం నుంచి చీలమండకు, అక్కణ్ణుంచి పిక్కకు పాకుతుంది, చర్మం పలచబడి చారలు పడుతుంది. స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ మీదే అమ్మాలని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. కౌంటరు దగ్గర అది అమలవుతున్నట్టు కనిపించదు. ట్యూబు తీసుకునే ముందు ఆ నాలుగు పేర్లూ చదివి చూడటం మన పనే.

వేళ్ల సందు పగులు చిన్నది కదా అనిపిస్తుంది. బోదకాలు ఉన్నవాళ్లను అడిగితే అది ఎంత పెద్దదో చెబుతారు. కోస్తా జిల్లాల్లో ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మధ్యమధ్యలో వణుకుతో జ్వరం వచ్చి, కాలు ఎర్రబడి, గజ్జల్లో బిళ్ల కట్టి మంచాన పడేస్తుంది. ఆ దాడికి చాలాసార్లు కారణం ఫైలేరియా పురుగు కాదు, నానిన వేళ్ల సందుల్లోంచి లోపలికి పోయిన బాక్టీరియా. ప్రతి దాడితో వాపు ఇంకాస్త పెరిగి అక్కడే నిలిచిపోతుంది. రోజూ సబ్బుతో కడిగి, మడతలూ సందులూ పొడిగా తుడిచి, తామరకు మందు రాసుకుంటే ఆ దాడులు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లకు నేర్పించమంటున్నది. ఖరీదైన వైద్యమేం కాదు, ఓ మెత్తటి గుడ్డా పది నిమిషాల ఓపికా.

షుగరు ఉన్నవాళ్ల లెక్క వేరు. నరాలు మొద్దుబారితే బూటులో రాయి ఉన్నా తెలియదు. వాళ్లకు తెల్లటి, లేదా లేత రంగు సాక్సు కావాలి. రక్తం, రసి మరక సాయంత్రం కంటికి కనబడితేనే పుండు సంగతి తెలిసేది. వేళ్ల దగ్గర కుట్టు లేనిది దొరక్కపోతే ఉన్నదాన్నే తిరగేసి వేసుకోండి. చిరిగితే కుట్టుకోవద్దు, ఆ కుట్టు గడ్డే పుండవుతుంది, పారేయండి. బూటు వేసుకునే ముందు తలకిందులు చేసి దులిపి, లోపల చేయి పెట్టి తడిమి చూడాలి. వేడినీళ్లను మోచేతితో చూడాలి, కాలితో కాదు. ఆనెలకు అంటించే ప్లాస్టర్లలో చర్మాన్ని కరిగించే సాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది, అవి వీళ్లు ముట్టుకోకూడదు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా నడవాలనుకునేవాళ్లు ముందు డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ పోచతో అరికాలు తాకి చూసే పరీక్ష అది, క్షణాల్లో అయిపోతుంది. స్పర్శ లేదని తేలితే గురుస్వామికి చెప్పి పాదరక్షలు వేసుకోవడమే సరైన పని. కాలిన తారురోడ్డు మీద లేచిన బొబ్బ వాళ్లకు రాత్రి దాకా తెలియదు.

వేసుకోమన్నవాళ్ల బాధ్యత

ఇంతదాకా చెప్పినవన్నీ ఇంట్లో చేసుకునే పనులు. కానీ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా కాళ్లను మూసి ఉంచమని శాసించేది ఇల్లు కాదు, బడి. సెక్యూరిటీ గార్డుకు నల్లబూట్లు వేయించేది ఏజెన్సీ. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఆడవాళ్లకు రబ్బరు బూట్లు తొడిగించేది యాజమాన్యం. వేసుకోమని నిబంధన పెట్టినవాళ్లకే ఆ బూటు లోపల ఏం జరుగుతుందో చూసే బాధ్యత కూడా ఉండాలి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో 1914-15 చలికాలాన కందకాల నీళ్లలో నిలబడి బ్రిటిష్ సైనికులు వేల సంఖ్యలో కాళ్లు పాడై ఆసుపత్రి పాలయ్యారు. సైన్యం అప్పుడు ఆ నేరాన్ని సైనికుడి మీద వేసి ఊరుకోలేదు. పొడి సాక్సులు తిండిసరుకుతో పాటు ముందుకు పంపింది, రోజూ మార్చాలని ఆజ్ఞ వేసింది, ఇద్దరిద్దరిని జతకట్టి ఒకరి పాదాలు ఒకరు చూసుకోమంది, తనిఖీని అధికారుల మెడకు చుట్టింది. అప్పుడే ఆ బాధ తగ్గుముఖం పట్టింది. యాభై ఏళ్ల తర్వాత వియత్నాం వరిమళ్లలో అమెరికా సైనికులకు వెచ్చటి బురదనీళ్లలోనే అదే అనుభవం. చలి లేకపోయినా, రెండు మూడు రోజులు ఎడతెగని తడి చాలు పాదం చెడటానికి. నాట్ల కాలంలో మన కూలీల కాళ్లు చూసినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన విద్యా కానుక కిట్‌లో ప్రభుత్వ బడుల పిల్లలకు తలా ఒక జత బూట్లూ రెండు జతల సాక్సులూ ఇచ్చారు. చెప్పుల్లేకుండా బడికొచ్చే పిల్లలకు బూట్లివ్వడం మంచి పని, నేను దాన్ని తక్కువ చేయను. కానీ రెండు జతల లెక్క వానాకాలానికి కుదరదు. సోమవారం సాయంత్రం ఐదుకు ఉతికిన జత బుధవారం పొద్దున ఏడుకు మళ్లీ కాలికెక్కాలి. అంటే 38 గంటలు, ముసురులో, రేకుల ఇంట్లో, ఫ్యాను కింద చోటు లేకుండా. మూడో జత ఉంటే అదే సాక్సు గురువారం పొద్దున కావాలి, 62 గంటలు. ఒక్క జత పెరిగితే ఒక పూర్తి పగలూ రాత్రీ అదనంగా దొరుకుతాయి. నాలుగోది ఉంటే దారిలో తడిసినవాడికి మార్చుకోవడానికి సంచిలో ఒకటి ఉంటుంది. ప్రైవేటు బళ్లు యూనిఫాం దుకాణంతో కుదుర్చుకుని అమ్మే లోగో సాక్సులు ఇంకో సమస్య. లోగో ఉన్న ఆ నైలాన్ జతే వేయాలంటారు, అది ఖరీదు కాబట్టి తల్లిదండ్రులు ఒకటో రెండో కొని ఊరుకుంటారు. లోగో తీసేసి, రంగు మాత్రం చెప్పి, కాటన్ 75 శాతం తగ్గకూడదని రాస్తే, అదే డబ్బుకు ఎక్కువ జతలు వస్తాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెనక పట్టీ ఉన్న శాండిల్స్‌ను యూనిఫాంలో భాగంగా అనుమతించాలి. వానలో తడిసినా గంటలో ఆరిపోతాయి. బూట్లే కావాలంటే భోజనం గంటలో విప్పి, సాక్సులు తీసి, ఆ ముప్పావుగంట పిల్లలను వట్టి కాళ్లతో కూర్చోనివ్వాలి. ఎనిమిది గంటల తడిని మధ్యలో ఒకసారి తెంపితే చర్మం నానిపోయే దశకు రాదు. తడిసి వచ్చిన పిల్లాణ్ణి సాక్సు లేకుండా క్లాసులోకి రానివ్వాలి, డైరీలో రిమార్కు రాయకూడదు. వరండాలో బూట్లు పెట్టుకోవడానికి ఓ బల్ల, దండెం కట్టడానికి రెండు మేకులు, ఒక తాడు. ఇవి పెట్టడానికి హెడ్మాస్టరుకు ఏ జీవో అవసరం లేదు, తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే ఆ వారంలోనే అయ్యే పని. వచ్చే సమావేశంలో మార్కుల గురించి అడిగాక దీని గురించి కూడా అడగండి.